ఎన్ని రెట్ల వేగం?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ కంప్యూటర్ దుకాణంలో అడిగినా, గేమింగ్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ 5 గిగాహెర్ట్జ్ దాటి పరుగెత్తుతుందని చెప్పి అమ్ముతారు. అబద్ధమేమీ కాదు. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో ఉన్న ఎల్ కాపిటాన్ 2024 నవంబర్‌లో ప్రపంచంలోకెల్లా వేగమైన కంప్యూటర్‌గా జాబితాకెక్కింది. అదే జాబితాలో దాని ప్రాసెసర్ వేగం 1.8 గిగాహెర్ట్జ్ అని రాసి ఉంటుంది. ఒక్క కోర్‌తో ఒక్క పని చేయించి పందెం పెడితే బల్లమీది పెట్టే గెలుస్తుంది. దాదాపు 60 కోట్ల డాలర్లు పోసి కట్టిన యంత్రం ఓడిపోతుంది.

మరి సూపర్ కంప్యూటర్ మన ఇంటి కంప్యూటర్‌కన్నా లక్షల రెట్లు వేగమని తరచూ చదువుతుంటాం కదా, అదెక్కడి మాట? అదీ నిజమే. పనినిబట్టి జవాబు మారుతుంది. ఒక రెట్టుకు కూడా చాలకపోవచ్చు, నలభై లక్షల రెట్లు దాటనూవచ్చు. ఏ పనికి ఏ జవాబో తేల్చకుండా "ఎన్ని రెట్లు" అని అడగడంలోనే చిక్కంతా ఉంది.

ముందు ఆ లక్షల లెక్క చూద్దాం. శాస్త్ర గణనల్లో వేగాన్ని ఫ్లాప్స్‌లో కొలుస్తారు. దశాంశ సంఖ్యల మీద సెకనుకు ఎన్ని కూడికలు, గుణకారాలు చేయగలదన్నది కొలత. ఎనిమిది కోర్లున్న మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌ని తీసుకోండి. కోర్ ఒక్కొక్కటి 4 గిగాహెర్ట్జ్ దగ్గర, గడియారం ఒక్కసారి కొట్టే వ్యవధిలో 64-బిట్ లెక్కలు పదహారు చేయగలదు. ఎనిమిదిని నాలుగుతో, దాన్ని పదహారుతో గుణిస్తే 512 గిగాఫ్లాప్స్. అంటే సెకనుకు 51,200 కోట్ల లెక్కలు. ఇది కాగితం మీది మాట. పరీక్ష పెడితే అందులో 400 చేతికొస్తాయనుకుందాం.

ఆ పరీక్ష పేరు లిన్‌ప్యాక్. జాక్ డొంగారా దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. 1993 జూన్ నుంచి ఏటా రెండుసార్లు వెలువడే టాప్500 జాబితాకు ఇదే తూనికరాయి. ఒకదానితో ఒకటి ముడిపడిన వేల, లక్షల సమీకరణాలను ఒక్కసారే సాధించమని యంత్రానికి ఇస్తారు. ఎల్ కాపిటాన్ ఇందులో 1.742 ఎక్సాఫ్లాప్స్ చూపింది. వంద కోట్లను వంద కోట్లతో గుణిస్తే వచ్చే సంఖ్య ఒక ఎక్సా. దీన్ని మన డెస్క్‌టాప్ 400 గిగాఫ్లాప్స్‌తో భాగిస్తే సుమారు 43 లక్షల 50 వేలు వస్తుంది. అక్కడ ఒక సెకనులో ముగిసే పని ఇక్కడ రేయింబవళ్ళు నడిపితే యాభై రోజులు పడుతుంది.

లిన్‌ప్యాక్ మీద నాకో ఫిర్యాదుంది. అది యంత్రాలకు మరీ అనుకూలమైన ప్రశ్నపత్రం. ఒకసారి మెమొరీ నుంచి తెచ్చుకున్న సంఖ్యను పదేపదే వాడుకునే వీలు ఆ పరీక్షలో ఉంది, కాబట్టి ప్రాసెసర్ ఊరికే కూర్చోదు. వాతావరణం, ద్రవప్రవాహం, భూకంప తరంగాలు వంటి నిజమైన పనుల్లో ఆ వీలు తక్కువ. సంఖ్యను తెచ్చుకోవడం, ఒకటి రెండు లెక్కలు చేయడం, మళ్ళీ ఇంకో సంఖ్య కోసం ఎదురుచూడటం, ఇదే వరస. ఈ లోపం డొంగారాకూ తెలుసు. అందుకే ఆయనే సహచరులతో కలిసి హెచ్‌పీసీజీ అనే రెండో పరీక్షను తయారుచేశారు. అందులో ఎల్ కాపిటాన్ సాధించింది 17.4 పెటాఫ్లాప్స్ (వెయ్యి పెటాలు ఒక ఎక్సా). లిన్‌ప్యాక్ మార్కుల్లో ఇది ఒక్క శాతం! ప్రపంచ ప్రథమ యంత్రం, పని స్వభావం కాస్త మారేసరికి, వందకు ఒక్క మార్కు తెచ్చుకుంది. జాబితాలో పైనున్న మిగతా యంత్రాల సంగతీ కొంచెం అటూ ఇటూగా ఇంతే.

ఇంటి యంత్రానిదీ ఇదే అవస్థ. రెండు చానళ్ళ డీడీఆర్5-5600 మెమొరీ సెకనుకు 89.6 గిగాబైట్లు అందిస్తుంది. ఒక్కో సంఖ్యకు ఎనిమిది బైట్లు లెక్కేస్తే సెకనుకు 1,120 కోట్ల సంఖ్యలు. ప్రాసెసర్ 51,200 కోట్ల లెక్కలకు సిద్ధంగా ఉంది. తెచ్చిన ప్రతి సంఖ్య మీదా నలభై అయిదు లెక్కలు చేస్తే తప్ప దానికి నిండా పని ఉండదు. డెస్క్‌టాప్ కొనేవాళ్ళు కోర్ల సంఖ్య చూసి మురిసిపోతారు కానీ మెమొరీ చానళ్ళు ఎన్నని అడిగినవాళ్ళు అరుదు. సూపర్ కంప్యూటర్ కట్టేవాళ్ళ తొలి దిగులు మాత్రం అదే. ఎల్ కాపిటాన్‌లోని ప్రతి చిప్‌కూ ఆనుకుని 128 గిగాబైట్ల మెమొరీ ఉంటుంది. అది సెకనుకు 5,300 గిగాబైట్లు అందిస్తుంది, అంటే మన డెస్క్‌టాప్ మెమొరీకి దాదాపు అరవై రెట్లు. అటువంటి చిప్‌లు నలభై నాలుగు వేలకు పైగా ఉన్నాయి. అన్నిటి మెమొరీ కలిపితే యాభై లక్షల గిగాబైట్లు దాటుతుంది. 32 గిగాబైట్లున్న ఇంటి కంప్యూటర్‌లో అసలు పట్టనే పట్టని సమస్యకు రెట్ల లెక్కే వర్తించదు. యాభై రోజులు కాదు, యాభై ఏళ్ళు ఓపిక పట్టినా అది మొదలే కాదు.

లిన్‌ప్యాక్ మార్కులు మొదటి మాయ అయితే, ఇక రెండో మాయ. 2025లో ఎన్విడియా సంస్థ డీజీఎక్స్ స్పార్క్ అనే చిన్న పెట్టెను అమ్మకానికి పెట్టింది. అరచేతుల్లో పట్టేంత పెట్టె, ఒక పెటాఫ్లాప్ వేగం అని ప్రచారం, బల్లమీది సూపర్ కంప్యూటర్ అని బిరుదు. ఒక పెటాఫ్లాప్‌ను మొదట దాటిన యంత్రం 2008లో లాస్ అలమోస్ ప్రయోగశాల కోసం ఐబీఎం కట్టిన రోడ్‌రన్నర్. అది రెండు మెగావాట్లకు పైగా కరెంటు తాగేది. అయితే పదిహేడేళ్ళలో ఆ యంత్రం అరచేతిలోకి వచ్చేసినట్టేనా?

రాలేదు. రోడ్‌రన్నర్ చేసినవి 64-బిట్ లెక్కలు, ఒక్కో సంఖ్యలో పదిహేను పదహారు అంకెల దాకా నమ్మవచ్చు. ఆ చిన్న పెట్టె పెటాఫ్లాప్ 4-బిట్ లెక్కలది. నాలుగు బిట్లలో ఇమిడేవి మొత్తం పదహారు విలువలే. కృత్రిమ మేధకు అది చాలు, ఒక్కో సంఖ్య కాస్త మొరటుగా ఉన్నా కోట్ల సంఖ్యల సగటులో ఆ తప్పు కలిసిపోతుంది. వంతెన బలాన్నో తుపాను దారినో లెక్కగట్టే పనికి ఆ లెక్క చాలదు. రెండు పెటాఫ్లాప్‌లకూ పేరే కలిసింది తప్ప అవి ఒకే సరుకు కావు.

గేమింగ్ కార్డుల దగ్గరా ఇదే తంతు. ఆర్‌టీఎక్స్ 4090 కార్డు వేగం 82 టెరాఫ్లాప్స్ (వెయ్యి టెరాలు ఒక పెటా) అంటారు. 2002లో జపాన్ యోకొహామాలో 5,120 ప్రాసెసర్లతో కట్టిన ఎర్త్ సిమ్యులేటర్ 35.86 టెరాఫ్లాప్స్ చేసి ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి, మన గేమింగ్ కార్డు ఆనాటి మహాయంత్రానికి రెండింతలని తేల్చేస్తుంటారు. ఆ 82 మాత్రం 32-బిట్ లెక్కలు, ఏడు అంకెల కచ్చితత్వం. 64-బిట్ అడిగితే అదే కార్డు అందులో 64వ వంతు, అంటే సుమారు 1.3 టెరాఫ్లాప్స్ ఇస్తుంది. ఆటలకు అంతకు మించి అక్కర్లేదు, అక్కరున్న ప్రయోగశాలలు వేరే రకం ఖరీదైన చిప్‌లు కొంటాయి. ఇది సాంకేతిక పరిమితి కన్నా వ్యాపార నిర్ణయమే ఎక్కువని నా అభిప్రాయం. రోడ్‌రన్నర్ కథే దానికి సాక్ష్యం. అందులోని సెల్ చిప్ ప్లేస్టేషన్ 3 ఆటల యంత్రంలోని చిప్‌కు తోబుట్టువు. ఐబీఎం ముఖ్యంగా చేసిన మార్పు, 64-బిట్ లెక్కలు వేగంగా చేసేలా దాన్ని దిద్దడమే.

అంకెల కచ్చితత్వం కోసం ఇంత పట్టుదల ఎందుకంటారా? 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ మసాచుసెట్స్‌లో బల్ల సైజు ఎల్‌జీపీ-30 కంప్యూటర్‌తో వాతావరణ నమూనా ఒకటి నడుపుతున్నారు. ఒక పరుగును మధ్యలోంచి మళ్ళీ మొదలుపెడుతూ 0.506127 బదులు అచ్చుకాగితం మీదున్న 0.506 కొట్టారు. కాసేపటికి రెండు వాతావరణాలకూ పోలికే లేకుండా పోయింది. కల్లోల సిద్ధాంతం పుట్టుక అదే. అయినా ఈ పాఠాన్ని మరీ గట్టిగా పట్టుకోనక్కర్లేదని వాతావరణ శాస్త్రజ్ఞులే తరవాత తేల్చారు. పరిశీలనల్లోనే బోలెడంత పొరపాటున్నప్పుడు పదహారు అంకెలెందుకని యూరప్ మధ్యకాలిక వాతావరణ కేంద్రం 2021లో తన రోజువారీ అంచనాలను 32-బిట్‌కు మార్చింది. మిగిలిన శక్తిని వాతావరణాన్ని మరిన్ని పొరలుగా కోయడానికి వాడుకుంది. ఎక్కడ అంకెలు వదులుకోవచ్చో ఎక్కడ కూడదో తెలిసినవాళ్ళు వదులుకోవడం వేరు, ప్రకటనలో పెద్ద సంఖ్య కోసం వదిలేయడం వేరు.

ఇంత చెప్పాక, అసలు తేడా ప్రాసెసర్లలో కాదు, వాటి మధ్య ఉందంటాను. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ బజారులో దొరికే పదహారు 486 పీసీలను మామూలు ఈథర్నెట్ తీగలతో కట్టి బేవుల్ఫ్ అని పేరుపెట్టారు. దాని వారసులే ఇప్పుడు జాబితాను ఏలుతున్నాయి. సామాన్యమైన చిప్‌ల గుంపుతో అసామాన్యమైన పని చేయించవచ్చని ఆ ప్రయోగం నిరూపించింది. కొన్నేళ్ళ ముందే ఆ దారి పట్టక తప్పని దేశాల్లో మనదీ ఒకటి. 1980లలో భారత్ అడిగిన క్రే ఎక్స్-ఎంపీ/24 యంత్రాన్ని ఇవ్వడానికి అమెరికా ఒప్పుకోలేదు. చివరికి వాతావరణ అంచనాలకే వాడాలన్న షరతుతో ఒకే ప్రాసెసర్ ఉన్న తక్కువ రకాన్ని ఢిల్లీకి పంపింది. 1988లో పుణెలో పుట్టిన సీ-డాక్ సంస్థ విజయ్ భట్కర్ నాయకత్వంలో, బ్రిటన్‌లో తయారైన ట్రాన్స్‌ప్యూటర్ చిప్‌లను జత కలుపుతూ 1991 నాటికి పరమ్ 8000ను నిలబెట్టింది. అదే కాలంలో హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన సంస్థకు చెందిన అనురాగ్, విమానాల చుట్టూ గాలి ప్రవాహాన్ని లెక్కించే పేస్ యంత్రాన్ని రూపొందించింది. విడివిడి చిప్‌లు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఒకటి అడిగిన సంఖ్యను ఇంకోటి ఎంత త్వరగా అందిస్తుందన్నదే విద్య.

ఆ అందించడం ఎంత కష్టమో చూడండి. 5 గిగాహెర్ట్జ్ గడియారం ఒకసారి కొట్టేలోగా కాంతే ఆరు సెంటీమీటర్లు మించి పోలేదు. సెమూర్ క్రే 1976లో క్రే-1ను ఆంగ్ల సి అక్షరం ఆకారంలో కట్టింది అందంకోసం కాదు, లోపలి తీగ ఏదీ నాలుగడుగులు దాటకుండా ఉండటానికి. ఇప్పటి యంత్రాలు హాలంత పొడవు. ఒక నోడ్ (కొన్ని చిప్‌లు కలిసిన ఒక యంత్రం) నుంచి ఇంకో నోడ్‌కు కబురు చేరడానికి మంచి సూపర్ కంప్యూటర్ వలలో ఒకటి రెండు మైక్రోసెకన్లు పడుతుంది. ఆలోపు 1.8 గిగాహెర్ట్జ్ గడియారం వేలసార్లు కొడుతుంది. ఇంటి నెట్‌వర్క్‌లో అదే కబురుకు పదుల మైక్రోసెకన్లు, ఊళ్ళు దాటితే మిల్లీసెకన్లు.

ఇంటి కంప్యూటర్లన్నీ కలిస్తే ఏమవుతుందో 2020లో కరోనా చూపించింది. ప్రొటీన్లు ఎలా మడతపడతాయో అధ్యయనం చేసే ఫోల్డింగ్ ఎట్ హోమ్ ప్రాజెక్టుకు జనం తమ పీసీలను అప్పగించారు. ఏప్రిల్ నాటికి ఆ గుంపు శక్తి, వాళ్ళ లెక్క ప్రకారం, 2.4 ఎక్సాఫ్లాప్స్. అప్పటి ప్రపంచ ప్రథమ యంత్రం సమిట్ లిన్‌ప్యాక్ వేగం 0.1486 ఎక్సాఫ్లాప్స్. అంటే ఆ నెలలో ప్రపంచంలోకెల్లా పెద్ద కంప్యూటర్ జనాల పడకగదుల్లో ఉంది! అయితే ఆ గుంపుతో రేపటి వాతావరణం లెక్కించమంటే చేతులెత్తేస్తుంది. ప్రొటీన్ పనిని ముక్కలు చేసి ఎవరి ముక్క వాళ్ళకిచ్చి, నెమ్మదిగా జవాబులు పోగుచేసుకోవచ్చు. వాతావరణ లెక్కలో భూమిని గడులుగా విడగొడతారు. ప్రతి గడిలోని గాలి, తేమ, పీడనం పక్క గడి మీద ఆధారపడి ఉంటాయి, ప్రతి అడుగులోనూ ఇరుగుపొరుగు మాట్లాడుకోవాలి. గడి వెడల్పును సగం చేస్తే నేలమీద గడులు నాలుగింతలవుతాయి, కాలపు అడుగు కూడా సగం చేయాలి, పని ఎనిమిదింతలు. మన దేశంలో 2025 మే నెలలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టం 12 కిలోమీటర్ల గడి నుంచి 6 కిలోమీటర్లకు దిగిందంటే, దాని వెనక పుణెలో కొత్తగా పెట్టిన 11.77 పెటాఫ్లాప్స్ అర్క యంత్రం ఉండబట్టే. బంగాళాఖాతంలో తుపాను లేచిన ప్రతిసారీ కోస్తా జిల్లాల కలెక్టర్లు చూసే అంచనాలు ఇలాంటి యంత్రాల్లోంచి వస్తాయి.

ముక్కలు చేయడానికి లొంగని పనికి ఎంత పెద్ద యంత్రమైనా చేయగలిగింది తక్కువ. పదెకరాల నాటు వందమంది కూలీలు దిగితే పూటలో తెమిలిపోతుంది, ఆ వరి పండటానికి మాత్రం వందమందీ గట్టున కూర్చున్నా నాలుగు నెలలు పడుతుంది. జీన్ ఆమ్డాల్ 1967లో దీనికి సూత్రం కట్టారు. ప్రోగ్రాములో నూటికి 95 పాళ్ళు పంచుకోగలిగినా, మిగిలిన అయిదు పాళ్ళు ఒక్కరే చేయాల్సినదైతే, కోటి ప్రాసెసర్లు పెట్టినా వేగం ఇరవై రెట్లు దాటదు. మనం రోజూ వాడే ప్రోగ్రాములు, బ్రౌజరు, టాలీ, వర్డ్, చాలామటుకు ఆ అయిదు పాళ్ళ బాపతే. ఎల్ కాపిటాన్ మీద టాలీ నడిపితే చెనాయ్ ట్రేడ్ సెంటర్ పీసీకన్నా మెల్లగానే నడుస్తుంది.

కరెంటు లెక్క మాత్రం చాలామంది ఊహకు తలకిందులుగా ఉంటుంది. ఎల్ కాపిటాన్ లిన్‌ప్యాక్ నడిపినప్పుడు తాగింది దాదాపు 30 మెగావాట్లు. విని గుండె బాదుకోనక్కర్లేదు. అదే వేగాన్ని 43 లక్షల 50 వేల డెస్క్‌టాప్‌లతో రాబడితే, ఒక్కోదానికి రెండు వందల వాట్లు వేసుకున్నా 870 మెగావాట్లు కావాలి. నల్లగొండ జిల్లా యాదాద్రి థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ సామర్థ్యం 800. వాట్‌కు ఎన్ని లెక్కలన్న కొలతలో ఇంటి యంత్రమే దుబారా మనిషి. నెమ్మదిగా కొట్టే గడియారం ఓటమి కాదు, పొదుపు. గడియారం వేగం పెంచేకొద్దీ వేడి అంతకు మించి పెరుగుతుంది. ఇంటెల్ 2004లో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను విడుదల చేయకుండానే విరమించుకుంది. ఆ తరవాతే కోర్లు రెండై, నాలుగై, పదహారయ్యాయి.

ఇక అందరూ నమ్మే ఇంకో మాట, ఈనాటి సూపర్ కంప్యూటరే రేపటి ఇంటి కంప్యూటర్ అన్నది. ఒకప్పుడు ఇది నిజంగానే జరిగింది. క్రే-1 వేగం 160 మెగాఫ్లాప్స్, మెమొరీ 8 మెగాబైట్లు, బరువు అయిదున్నర టన్నులు. 1990ల చివరికి ఇళ్ళలోని పెంటియంలు ఆ స్థాయికి వచ్చేశాయి. 1997లో శాండియా ప్రయోగశాలలోని ఆస్కీ రెడ్ 7,264 పెంటియం ప్రో చిప్‌లతో ఒక టెరాఫ్లాప్ దాటిన వేగంతో టాప్500 జాబితాలో నిలిచింది. పదహారు కోర్ల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 64-బిట్‌లో ఆ గీతను కాగితం మీద తాకింది 2022 ప్రాంతంలో, అంటే పాతికేళ్ళకు. ఇక్కడి నుంచి దారి పొడుగవుతోంది. 2011 నాటి నాలుగు కోర్ల ప్రాసెసర్ 108 గిగాఫ్లాప్స్, 2022 నాటిది దానికి పదింతలు. పదకొండేళ్ళకు పదింతలన్న ఈ లెక్కే సాగితే, రోడ్‌రన్నర్ పెటాఫ్లాప్‌ను డెస్క్‌టాప్ ప్రాసెసర్ అందుకునేసరికి 2055 వస్తుంది. అంటే నలభై ఏడేళ్ళ ఆలస్యం. ఈ వేగమైనా నిలుస్తుందని నాకు నమ్మకం లేదు. పెద్ద యంత్రాలకూ ఆయాసం మొదలైంది. టెరా నుంచి పెటాకు 11 ఏళ్ళు పట్టింది, పెటా నుంచి 2022లో ఫ్రాంటియర్ అందుకున్న ఎక్సాకు 14 ఏళ్ళు.

ఇంకో సంగతి ఈ పోలికల్లో ఎక్కడా కనపడదు. సూపర్ కంప్యూటర్ మొత్తాన్ని ఒక్కరికి ఇవ్వరు. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ వేగం 838 టెరాఫ్లాప్స్. అయితే దాన్ని వాడుకునే పరిశోధక విద్యార్థికి దక్కేది కొన్ని నోడ్‌లు, అదీ క్యూలో తన వంతు వచ్చాక. ప్రోగ్రాము ఎన్ని కోర్లను నిజంగా వాడుకోగలదో ముందే తేల్చుకోకపోతే క్యూ మరీ పొడుగవుతుంది. ఎక్కువ కోర్లు అడిగినవాళ్ళు ఎక్కువసేపు ఆగాలి కదా. కాబట్టి తెలిసినవాళ్ళు ముందు చిన్న లెక్కను ఎనిమిది కోర్ల మీద, తరవాత పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు కోర్ల మీద నడిపి, సమయం తగ్గడం ఎక్కడ ఆగిపోతుందో చూసుకుని అన్నే అడుగుతారు. కొన్ని ప్రోగ్రాములకు ఆ అంకె పదహారు దగ్గరే తేలుతుంది. వాటిని వెనక్కి తెచ్చుకుని ల్యాబ్‌లోని డెస్క్‌టాప్ మీద నడుపుకుంటారు, క్యూలో వంతు రాకముందే ఫలితం వచ్చేస్తుంది.